పదకొండో ఇంటి మూడో మనిషి

ఇది మలేరియా కథే అయినా ఇందులో దోమకి పెద్ద పాత్ర లేదు. దాని పని అది చేసుకుపోయింది. మిగతా పాపమంతా మనుషులది, అందులో పెద్ద వాటా నాది. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత నన్ను నేను వెనకేసుకు రాబోయినా మీరు పట్టేసుకోగలరు.

నా పేరు ధనుంజయ. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పరిశోధన సంస్థలో ఏడేళ్లు కూర్చుని 'ఆనవాలు' అనే యంత్రం తయారుచేశాను. ఆలోచన మా డైరెక్టరు వసుమతి మేడమ్‌ది, చేతిపని నాది. చూడడానికి మిక్సీ కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. దాని అరలో రక్తపు స్లైడు పెడితే నలభై నిమిషాల్లో రెండు సంగతులు చెబుతుంది. ఆ రక్తంలో మలేరియా క్రిమి ఉందా లేదా అన్నది మొదటిది. మైక్రోస్కోపు కూడా ఆ మాట చెబుతుంది కానీ, వంద చోట్ల వెతికి లేదని తేల్చిన రక్తంలో క్రిమి ఒక్కటి దాక్కున్నా ఆనవాలు దాన్ని బయటికి లాగుతుంది. రెండోదే అసలు సంగతి. ఆ క్రిమి ఎవరి ఒంట్లోంచి వచ్చిందో చెబుతుంది.

క్రిమి ఒక మనిషిలోంచి దోమలోకి, దోమలోంచి ఇంకో మనిషిలోకి దాటినప్పుడల్లా దాని లోపలి రాతలో ఎక్కడో చిన్న మార్పు వస్తుంది. మనిషిని దాటనంతకాలం ఆ రాత మారదు. ఒక ఊరి స్లైడులన్నీ వరసగా పెడితే యంత్రం ఆ మార్పుల్ని లెక్కపెట్టి, ఎవరి క్రిమి ముందు, ఎవరిది వెనక అని గీతలు గీస్తుంది. ఆ గీతలన్నీ వెనక్కి వెనక్కి వెళ్లి ఒక మనిషి దగ్గర ఆగుతాయి. ఆ మనిషికి మేం పెట్టిన పేరు 'మూలం'. జ్వరం వచ్చినవాళ్లకి మందులిస్తూ కూర్చోవడం కారుతున్న కుళాయి కింద నేల తుడవడం లాంటిదనీ, మనం కుళాయే కట్టేస్తామనీ వసుమతి మేడమ్ అనేవారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, పెళ్లిచూపుల్లో కూడా వాడాను.

రక్తంలో క్రిమి రాత ఒక్కటే ఉండదు, మనిషి రాత కూడా ఉంటుంది. దాన్ని చూసే హక్కు మనకి లేదని, మా పరిశోధనలకి అనుమతిచ్చే నైతిక సంఘం నిబంధన పెట్టింది. మేడమ్ ఆ నిబంధన విషయంలో సంఘం కన్నా పట్టుగా ఉండేవారు. అందుకని యంత్రంలో ఒక జల్లెడ పెట్టాం. మనిషికి సంబంధించినదంతా చదవకుండానే పారేయడం దాని పని. పేర్లు కూడా మా దగ్గరికి రావు. స్లైడు మీద రాసిన నంబరు ఒక్కటే వస్తుంది. మనుషుల గుట్టు కాపాడడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరని మా నమ్మకం.

ఇంకొక్క వివరం చెప్పి కథలోకి వస్తాను. రోజూ ఉదయం పని మొదలుపెట్టేముందు, క్రిమి లేదని ఖాయంగా తెలిసిన రక్తం ఒక చుక్క యంత్రానికి చూపించాలి. అది చూసి 'శుభ్రం' అంటే ఆ రోజు దాని బుద్ధి సరిగ్గా ఉన్నట్టు. ఆ చుక్క నాది.

మొదటి పరీక్షకి నేను మా ఊరే ఎంచుకున్నాను. కుంబిగొంది. పాడేరు దాటి ఇంకా లోపలికి వెళ్లాలి. యాభై మూడు ఇళ్లు. కొండ మీద పోడు, కొండ కింద కాఫీ తోటలు, మధ్యలో వాగు. ప్రేమ కొద్దీ ఎంచుకున్నానని చెబితే బాగుంటుంది కానీ, అసలు కారణం స్లైడులు. తొమ్మిదేళ్ల స్లైడులు తేదీలతో సహా చెక్కపెట్టెల్లో భద్రంగా ఉన్న ఊరు జిల్లాలో అదొక్కటే. వాటిని తీసింది మా అమ్మ.

మా అమ్మ జమునమ్మ ఇరవై రెండేళ్లుగా మలేరియా కార్యకర్త. గుడ్డసంచిలో సూదులు, దూది, స్లైడుల పెట్టె వేసుకుని ఇల్లిల్లూ తిరగడం, ఎడమచేతి ఉంగరపు వేలు గుచ్చి చుక్క తీయడం, స్లైడు మీద నంబరు వెయ్యడం, నెలాఖరుకి ఆసుపత్రిలో అప్పజెప్పడం ఆమె ఉద్యోగం. ఆమె చెయ్యి తగలని వేలు ఆ ఊళ్లో లేదని అందరూ అంటారు. నాకు నాలుగేళ్లప్పుడు నాన్న పోయాడు. ఆ సంచి మీదే నేను పెరిగాను. పొయ్యి మీది కుండని అమ్మ గుడ్డ లేకుండా ఎడమచేత్తో దించేది. ఆ వేలి కొన అంత మొద్దుబారిపోయి ఉండేది. వంటపని వల్ల అనుకునేవాణ్ణి.

అంతకు ముందటి వానాకాలం మా ఊళ్లో పద్నాలుగు మందికి జ్వరం తగిలింది. ఐదేళ్ల రోజా, మూడేళ్ల వినోద్ చనిపోయారు. రోజాని డోలీలో రోడ్డు దాకా మోసుకెళ్లినవాళ్లలో మా అమ్మ ఒకతి. సగం దారిలో పిల్ల చెయ్యి చల్లబడిందని ఫోన్‌లో చెప్పింది. నేను ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లల్ని చంపింది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో పట్టుకుంటానని. ఎవరి ఒంట్లోంచి అనే అనుకున్నాను. అంటే అప్పటికే నేను దోమని వదిలేసి మనిషి మీద పడ్డాననే కదా అర్థం.

స్లైడులన్నీ చదవడానికి ఆరు వారాలు పట్టింది. ఏడో సోమవారం మధ్యాహ్నం గీతలు పూర్తయ్యాయి. పద్నాలుగు మంది జ్వరాలూ ఒకే కాండానికి పట్టిన కొమ్మలు. కాండంలో ముప్ఫై ఒక్క స్లైడులు, వేర్వేరు మనుషులవి, వేర్వేరు సంవత్సరాలవి. అన్నిటి కిందా, అన్నిటికన్నా పాతది, తొమ్మిదేళ్ల కిందటి స్లైడు ఒకటి. నంబరు పదకొండు బై మూడు. పదకొండో ఇంటి మూడో మనిషి.

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ల్యాబులో అందరికీ కాజాలు తెప్పించారు. నేను రెండు తిన్నాను. ఆ నంబరునే నివేదికలో రాసి జిల్లా ఆఫీసుకి పంపించాం. పేరు రాయలేదు, ఊరి పేరు కూడా జిల్లా ఆఫీసుకి మాత్రమే తెలిసిన కోడ్‌లో పెట్టాం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నందుకు మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

మేం మరిచిపోయింది తలుపుల్ని. ఏటా దోమల మందు కొట్టేవాళ్లు వచ్చి, పని అయిపోయాక, ఇంటి తలుపు మీద ఎర్రరంగుతో నంబరూ తేదీ వేసి వెళతారు. మా అమ్మ స్లైడుల మీద వేసే నంబరు అదే. కుంబిగొందిలో బడికి వెళ్లని పిల్లలకి కూడా ఆ నంబర్లు వచ్చు. నాలుగో నంబరు తలుపు వెనక పెరిగినవాణ్ణి, నాకు తట్టలేదు. జిల్లా ఆఫీసు నుంచి జీపులో వచ్చిన బృందం ఊరి మొదట్లో ఆగి, పదకొండో నంబరు ఎక్కడని ఒక పిల్లవాణ్ణి అడిగారట. మూలం అక్కడుందని వాళ్లలో వాళ్లు అనుకోవడం అందరూ విన్నారు.

పదకొండో ఇల్లు గాసిది. ఇంట్లో ఒకటో మనిషి గాసి, రెండో మనిషి అతని భార్య, మూడో మనిషి తల్లి బుద్రమ్మ. నాకు పెద్దమ్మ వరస. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు నాకు పనసతొనలు దాచిపెట్టి ఇచ్చేది. బృందం ఆమె రక్తం కొత్తగా తీసి చూస్తే ఏమీ కనబడలేదు. అక్కడినుంచే నాకు ఫోన్ చేసి అడిగారు. క్రిమి ఒంట్లో ఎక్కడో నక్కి ఉంటుందని, ఒక చుక్కలో దొరకనంత మాత్రాన లేదని కాదని, పద్నాలుగు రోజుల మాత్రలు పూర్తిగా ఇవ్వమని చెప్పాను. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆ జవాబు శాస్త్రం ప్రకారం తప్పు కూడా కాదు. నాకు ఇప్పటికీ నిద్రలో వినబడేది ఆ జవాబే.

పది రోజుల తర్వాత అమ్మ ఫోన్ చేసింది. బుద్రమ్మని ఊరవతల పెట్టారని చెప్పింది. రోజా తండ్రి పదకొండో ఇంటి ముందుకి వచ్చి గట్టిగా ఏడ్చాడట. తిట్టలేదు, కొట్టలేదు, ఏడ్చాడంతే. ఆ తర్వాత ఊరి కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు తీసేసుకున్నారు. కొత్త చిక్కుళ్లు మొదటిసారి తినే చిక్కుడు కొత్త పండగకి ఇంటింటికీ పంచే వాటాలో ఆమె పేరు తీసేశారు. గాసి నాలుగు రోజులు పోట్లాడి ఐదో రోజు తల్లిని పోడు మీద కాపలా పాకలో దించి వచ్చాడు. బియ్యం అక్కడికే మోసుకెళుతున్నాడు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది మరి, పెళ్లాం ఒప్పుకోలేదు.

ఇంతా చెప్పి అమ్మ ఒక మాట అడిగింది.

"ఒరే ధనుంజయా, నీ యంతరం తప్పు సెప్పదేటి?"

"చెప్పదమ్మా."

"ఎప్పుడూనా?"

"ఏడేళ్లు పరీక్షించాం. తప్పు పోదు."

అమ్మ తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. ఫోన్ పెట్టేసింది.

బుద్రమ్మ పాకలో ఉందన్న మాట నాకు మింగుడుపడలేదు. ఆమెని ఊళ్లోకి తీసుకురావాలి, అదొక్కటే నాకు పట్టుకుంది. తప్పు యంత్రంలో ఉంటుందని అప్పటికీ అనుకోలేదు. ఆమె నుంచి మిగతావాళ్లకి క్రిమి ఏ దారిలో వెళ్లిందో చూపిస్తే, ఆమె తప్పేం లేదని ఊరివాళ్లకి నచ్చజెప్పొచ్చనుకుని గీతల్ని మళ్లీ తెరిచాను. కాండం దగ్గర ఆగిపోయాను. ముప్ఫై ఒక్క స్లైడుల్లోనూ క్రిమి రాత ఒక్కటే. చుక్క తేడా లేదు. మనిషి మారితే రాత మారాలి. మనిషి మారనంతకాలం మారదు. ఈ సూత్రం కనిపెట్టినవాళ్లలో నేనొకణ్ణి. కాజాలు తినే హడావుడిలో దాన్నే చూసుకోలేదు.

జల్లెడ తీసేశాను. చెయ్యకూడని పనని తెలుసు. మేడమ్ భోజనానికి వెళ్లినప్పుడు, పట్టపగలు, తలుపు వేసుకుని తీశాను. యంత్రం ముప్ఫై ఒక్క స్లైడుల్నీ మళ్లీ చదివి మూడు వాక్యాలు రాసింది. ఈ స్లైడులన్నీ ఒకే మనిషివి. ఆ మనిషి స్త్రీ. రోజూ ఉదయం చూపించే ప్రామాణిక నమూనాతో సగానికి సగం పోలిక ఉంది.

ప్రామాణిక నమూనా నేను. నాకు తోబుట్టువులు లేరు, కూతుళ్లు లేరు. సగానికి సగం పోలిక ఉండే ఆడమనిషి నాకు ఈ లోకంలో ఒక్కతే.

మర్నాడు మధ్యాహ్నానికి ఊరు చేరాను. అమ్మ వాకిట్లో చేటలో రాజ్‌మా గింజలు ఏరుతోంది. సెలవు లేకుండా ఎలా వచ్చావని అడిగింది, టీ పెట్టింది. నేను ఏమీ అడగకుండా ఆమె ఎడమచెయ్యి తీసుకుని ఉంగరపు వేలు వెలుతురుకి తిప్పాను. దగ్గరగా చూస్తే అది వంట వల్ల మొద్దుబారిన చర్మం కాదు. సూదిపోట్లు, వందల కొద్దీ, ఒకదాని మీద ఒకటి. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నెలకి ఇన్ని స్లైడులని పైనుంచి సెప్పీవోరు," అంది. "కోతలప్పుడు ఊళ్లో మనిసుంటాడేటి? కొండెక్కి ఎతికీదాన్ని. దొరికినోళ్లకి తీసినాను. దొరకనోళ్లకి మరేటి సెయ్యను? నా ఏలు నా దగ్గరే ఉంది కదా."

బుద్రమ్మ సంగతి అడిగాను.

"అప్పకి సూదంటే పానం పోతాది. పెద్దకొడుకు సూదేసిన మర్నాడే పోనాడు కదా, అప్పట్నుంచీ. ఏలు పట్టుకుంటే వణికిపోయీది. ముసిల్దాన్ని ఏడిపించడం ఎందుకని నాదే గుచ్చుకున్నాను. ఏటేటా అంతే. పున్నెమనుకున్నాను."

ఇరవై రెండేళ్లలో ఊరందరి పేరు మీదా స్లైడులు ఉన్నాయి, మా అమ్మ పేరు మీద ఒక్కటీ లేదు. రక్తం తీసేవాళ్ల రక్తం తీయాలని ఏ కాగితంలోనూ రాసి లేదు. ఆమెకి జ్వరం వచ్చేది కాదు, వచ్చినా తెలిసేది కాదు. మైక్రోస్కోపుకి దొరకనంత తక్కువ క్రిముల్ని ఒంట్లో పెట్టుకుని తొమ్మిదేళ్లకి పైగా ఇల్లిల్లూ తిరిగింది. ఆమె కూర్చున్న ప్రతి గడపలోనూ దోమలుంటాయి.

అది ఆమెకి ఎలా చెప్పాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. చెప్పనక్కర్లేకపోయింది.

"ఆ రోజు పోన్‌లో అడిగినాను కదా, యంతరం తప్పు సెప్పదేటని," అంది అమ్మ. "అప్పుడే తెలిసిపోనాది నాకు. సెప్తాదమ్మా అంటావేమోనని అడిగినాను." చేట పక్కకి జరిపి, "అయితే రోజా, ఇనోదు..." అని నా మొహం చూసింది.

నేను కాదనలేదు. అమ్మ మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలి వచ్చింది, రెండిట్లో దేన్నీ బయట పెట్టే ధైర్యం లేకపోయింది. టీ చల్లారిపోయింది. అమ్మ లేచి రెండు గ్లాసులూ వాకిట్లో పారబోసి, కడిగి, బోర్లించింది. ముందు తనకి మాత్రలు ఇమ్మంది. తర్వాత ఊరి ముందు చెబుతానంది.

మర్నాడు ఉదయం కుళాయి పక్కనున్న సిమెంటు అరుగు దగ్గర ఊరంతా చేరింది. పోడుకి వెళ్లేవాళ్లు కత్తులతోనే వచ్చి నిలబడ్డారు. అమ్మ ఎక్కడా తొణకలేదు. పదకొండు బై మూడు స్లైడులో ఉన్నది బుద్రమ్మ రక్తం కాదని, తనదని, అలాంటివి ముప్ఫై పైనే ఉన్నాయని, ఊరికి జ్వరం తెచ్చింది తన ఒళ్లేనని చెప్పింది. వేలు ఎత్తి చూపించింది. రోజా తల్లి వైపు ఒకసారి చూడబోయి, చూడలేక తల దించుకుంది.

ఎవరైనా అరుస్తారని, రాయి విసురుతారని నేను ముందుకి జరిగి నిలబడ్డాను. ఎవరూ కదల్లేదు. ఊరి పెద్ద బొంజుబాబు తలపాగా సర్దుకున్నాడు. అతని భార్యకి రెండు పురుళ్లూ పోసినప్పుడు పక్కన ఉన్నది మా అమ్మే.

"అమ్మా, నీ మనసు మాకు తెల్దేటి?" అన్నాడు. "ముసిల్ది పాకలో ఉందని నీకు కడుపు తరుక్కుపోతంది. దాన్ని ఒడ్డున పడెయ్యాలని నీ మీద ఏసుకుంటన్నావు. నువ్వు మా పిల్లల్ని సంపుతావా? అలాటి మాట ఇంకెప్పుడూ అనకు."

చాలామంది తలలూపారు. ఒకావిడ కళ్లు తుడుచుకుని మా అమ్మ భుజం నిమిరింది. నేను యంత్రం సంగతి, రాత మారకపోవడం, సగం పోలిక, అన్నీ వివరించబోయాను. బొంజుబాబు ఓపిగ్గా విన్నాడు. మొన్న నీ యంత్రమే పదకొండో నంబరని చెప్పింది, ఇవాళ నువ్వొచ్చి కాదంటున్నావు, మీ అమ్మ జాలిపడితే యంత్రం మాట మారుస్తుందా అని అడిగాడు. వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. రోజా తండ్రి మాత్రం మా అమ్మ వేలినే చూస్తూ నిలబడి, కాసేపటికి కత్తి భుజాన వేసుకుని కొండెక్కిపోయాడు.

సాయంత్రం బస్సుకి విశాఖ వచ్చి, పొద్దున్నే మేడమ్ ముందు కాగితాలు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివారు. కోపం తెచ్చుకోలేదు, అదే నాకు భయం వేసింది.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది," అన్నారు. "కానీ జల్లెడ తీసిన నిమిషంలోనే ఇది సాక్ష్యం కాకుండా పోయింది. దీన్ని నేను సంఘం ముందు పెడితే యంత్రాన్ని ఆపేస్తారు. ఇంకో పన్నెండు జిల్లాలు దీని కోసం ఎదురుచూస్తున్నాయి, ధనుంజయ్. అక్కడ కూడా రోజాలున్నారు."

ఆ నివేదికలో ఒక్క వాక్యం సవరించమని బతిమాలాను. సవరించడానికి కారణం రాయాలి కదా, ఏం రాయమంటావని అడిగారు. క్రిమి రాత ముప్ఫై ఒక్క చోట్లా ఒక్కటేనన్నాను, దానివల్ల మనిషి ఒకరేనని తేలుతుంది కానీ ఆ మనిషి బుద్రమ్మ కాదని తేలదన్నారు. బుద్రమ్మ రక్తం మళ్లీ తీసి శుభ్రమని చూపిస్తే అన్నాను. ఇప్పుడు శుభ్రంగా ఉంటే మాత్రలు పనిచేశాయంటారు, తొమ్మిదేళ్ల కిందటి స్లైడుకి అది జవాబు కాదన్నారు.  ఆ జవాబు కూడా శాస్త్రం ప్రకారం సరైనదే. నాకు మెమో ఇచ్చారు. నేనే సంఘానికి ఉత్తరం రాశాను. నిబంధన ఉల్లంఘించి సేకరించిన సమాచారాన్ని పరిశీలించలేమని రెండు వరసల జవాబు వచ్చింది.

అమ్మ ఆసుపత్రికి వెళ్లి అంతా కాగితం మీద రాసిచ్చి రాజీనామా చేసింది. రాజీనామా ఉంచుకుని, కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఇరవై రెండేళ్ల సేవకి గుర్తుగా శాలువా కప్పి ఫోటో తీశారు. ఆ శాలువా ఆమె ఇంటికి తీసుకురాలేదు, బస్సు సీటు మీద వదిలేసి వచ్చింది.

వానలు పడేముందు ఇద్దరం పోడు మీదికి వెళ్లాం. పాక చిన్నది, పక్షుల్ని తోలడానికి వేసింది. బుద్రమ్మ గుమ్మంలో కూర్చుని చీపురుపుల్లలు కట్టలు కడుతోంది. బాగా చిక్కిపోయింది. ఆ మాత్రలు ఆమె ఒంటికి పడలేదట, పది రోజులు ఒళ్లంతా పచ్చబడి లేవలేకపోయిందట. లేని జబ్బుకి వేసుకున్న మాత్రలవి. అమ్మ ఆమె ముందు కూర్చుని జరిగిందంతా మొదటినుంచీ చెప్పింది. బుద్రమ్మ పుల్లలు కట్టడం ఆపలేదు.

అంతా విన్నాక, "అయితే నా పేరున నీ ఏలు గుచ్చుకున్నావా, ఇన్నేళ్లూ?" అంది.

"అవునప్పా."

"నొప్పెట్టలేదేటి?"

అమ్మ ఏడవడం నేను రెండుసార్లే చూశాను. నాన్న పోయినప్పుడు ఒకసారి, అక్కడ ఒకసారి. బుద్రమ్మ కట్ట పక్కన పెట్టి ఎడమచెయ్యి చాపింది. 

"నాను ఏలు ఇయ్యనందుకే కదా ఇంతా అయినాది. ఇప్పుడు తీయండి."

అమ్మ సంచి తెచ్చుకోలేదు. నా దగ్గర సూది ఉంది. బుద్రమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, ఐదు స్లైడులకి సరిపడా రక్తం ఇచ్చింది. కళ్లు తెరిచి వేలు చూసుకుని, ఇంతేనా అంది.

శుభ్రం. అలా రాసిన కాగితం తీసుకెళ్లి ఆమెకిచ్చాను. చదవడం రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. మడిచి పాక కప్పులో దోపుకుంది. దాని నకలు ఊళ్లో చూపిస్తే మేడమ్ ఊహించిన మాటే అన్నారు. మాత్రలు వేసుకుంది కదా, శుభ్రంగానే ఉంటుందన్నారు. మరి అలాంటప్పుడు ఇంటికి రానివ్వొచ్చు కదా అన్నాను. ఈ ఒక్క వానాకాలం చూద్దామన్నారు.

వానాకాలం వచ్చింది. ఆ ఏడు వాగు రెండుసార్లు పొంగింది, దోమలు అంతకుముందు కన్నా ఎక్కువే. కుంబిగొందిలో ఒక్క జ్వరం రాలేదు. మా అమ్మ ఒంట్లో క్రిమి చచ్చిపోయింది కాబట్టి రాలేదు. ఊరివాళ్లు మాత్రం ముసలిది బయటికి వెళ్లింది, జ్వరం దాని వెంటే వెళ్లిపోయిందనుకున్నారు. చూశావా, నీ యంత్రం చెప్పింది ఎంత నిజమో అని బొంజుబాబు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. మూలాన్ని గుర్తించి చికిత్స చేశాం, కొత్త కేసులు సున్నా అని మేడమ్ నివేదిక రాశారు. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఆనవాలు పన్నెండు జిల్లాలకి వెళ్లింది.

ఈసారి మందు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు గాసి తన తలుపు మీద ఆ నంబరు వెయ్యొద్దని కాళ్లు పట్టుకున్నాడట. వాళ్లు వెయ్యలేదు. కుంబిగొందిలో ఇప్పుడు పది తర్వాత పన్నెండు. బుద్రమ్మ పాకలోనే ఉంది. మా అమ్మ వారానికి మూడు రోజులు పైకెళ్లి ఆమె దగ్గరే ఉంటోంది. కిందికి వచ్చినప్పుడు ఊరివాళ్లు అమ్మకి దారి వదిలి దండం పెడతారు. ఆ దండాలు భరించలేకే మళ్లీ కొండెక్కుతానని అమ్మ చెప్పింది.

నేను ఉద్యోగం మానేశానా అంటే, మానలేదు. ఒక్క పని మాత్రం చేశాను. యంత్రానికి రోజూ ఉదయం నా రక్తం చూపించడం మానేశాను. బుద్రమ్మ ఇచ్చిన స్లైడులు ఐదూ నా సొరుగులో ఉన్నాయి, గోటితో గీరినంత పొడి రోజుకి చాలు. క్రిమి లేదని ఖాయంగా తెలిసిన రక్తం పెట్టమని యంత్రం అడుగుతుంది. ఆమెది పెడతాను. నలభై నిమిషాలు చదివి శుభ్రం అంటుంది. పన్నెండు జిల్లాల్లోని యంత్రాలూ మా యంత్రాన్ని చూసి సరిచేసుకుంటాయి కాబట్టి, అవి కూడా ఆ మాటే అంటాయి. ఆ తర్వాత అందరం మా మా పనులు మొదలుపెడతాం.